వంత పాడేవాళ్ళ ఊరు

మా పర్లాకిమిడిలో పాట రానివాళ్ళకి కూడా పాటలో పని ఉండేది. వంత పాడడం. శనివారం రాత్రి రామమందిరంలో భజన అంటే ముందు పాట పాడేవాళ్ళు ఇద్దరో ముగ్గురో, వెనక పాట అందుకునేవాళ్ళు వీధంతా. మా నాన్న రెండో రకం. ఆయన గొంతు ఏ శ్రుతికీ లొంగేది కాదు. అయినా ప్రతి శనివారం స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, అందరికంటే ముందు వెళ్ళి చాపలు పరిచి, హార్మోనీ పెట్టెకి కుడివైపు కూర్చునేవారు. ఎడమవైపు కూర్చోనిచ్చేవారు కాదు. హార్మోనీ వాయించే మావయ్యకి ఆ చెవి బాగా వినపడేది.

ఊరు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఒడిశా లెక్కల్లో మా ఊరు పారలాఖెముండి, గజపతి జిల్లాకి ముఖ్య పట్టణం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడ్డప్పుడు ఊరు అటు వెళ్ళింది. నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. పక్కన మహేంద్రతనయ ఏరు. గిడుగు రామమూర్తి పంతులు గారు రాజావారి బడిలో పాఠాలు చెప్పి, సవరల భాష నేర్చుకున్నది ఇక్కడే. నౌపడా నుంచి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలు మా ఊరొచ్చి ఆగేది. తరవాత గుణుపురం దాకా పొడిగించారు. ఆ రైలు సంగతులు మొదలుపెడితే భజన మర్చిపోతాను, ఇంకోసారి చెబుతాను.

భజనకి ఒక వరస ఉండేది. ముందు గణపతి ప్రార్థన. తరవాత రామదాసు కీర్తనలు. ఆ తరవాత మావయ్య హుషారుని బట్టి నారాయణ తీర్థుల తరంగాలు, జయదేవుడి అష్టపదులు. చివర నామాలు. నామాల దగ్గరికి వచ్చేసరికి అసలు ఊపు వచ్చేది. చిడతలు వేగం పెరిగేవి, కూర్చున్నవాళ్ళు లేచేవారు, దీపం సెమ్మె చుట్టూ తిరుగుతూ పాడేవారు. రైసుమిల్లు గుమాస్తా, కొమ్ముతో దువ్వెనలూ బొమ్మలూ చేసే పనివాళ్ళు, కచేరీ బంట్రోతు, పాలు పోసే ఆయన, అందరూ ఒకే వలయంలో. (మా ఊరి కొమ్ము పని పేరున్న పని. చేతిలో పని ఆపి వచ్చేసేవారు, గోళ్ళలో ఆ పొడి అలాగే ఉండేది.) ఆడవాళ్ళం ఓ పక్కన కూర్చుని వంత పాడాలి. లేచి తిరగడం లేదు, హార్మోనీ ముట్టుకోవడం అంతకన్నా లేదు. మంగళహారతి మాత్రం మాది. అది ఎంతసేపు పాడినా ఎవరూ ఆపకూడదు. కడుపుమంట తీర్చుకోవడానికా అన్నట్టు మా అమ్మమ్మ దాన్ని సాగదీసేది. పిల్లలం శనగల గిన్నె వైపు చూస్తూ నిలబడేవాళ్ళం.

మా వీధికి వెనకే ఒడియా వీధి. అక్కడ వాళ్ళ కీర్తన. మృదంగ, గిని అని వాళ్ళు పిలిచే చిన్న తాళాలు, మధ్యమధ్యలో ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ చేసే హుళహుళి. ఆ చప్పుడు మొదటిసారి విన్నవాళ్ళు ఉలిక్కిపడతారు. మాకు మాత్రం అది పెళ్ళి సందడి. వెనకింటి మావుసి (పిన్నిని ఒడియాలో అలా అంటారు) హుళహుళి తీస్తే మా పెరట్లో జామచెట్టు మీద పిట్టలు లేచిపోయేవి. ఆవిడ నాకు నేర్పడానికి చాలా కష్టపడింది. నోరు చేతితో మూసి "ఇలా కాదు మా, నాలుక తిప్పు" అనేది. నాకు రాలేదు. ఇప్పటికీ రాదు.

మేము ఏకాహం అనేదాన్ని వాళ్ళు అష్టప్రహరి అంటారు. రెండింటిలోనూ ఒక పొద్దు నుంచి మర్నాడు అదే పొద్దు దాకా నామం ఆగకూడదు. జట్లు జట్లుగా వంతులు వేసుకుంటారు. సాయంత్రం వంతుకి అందరూ పోటీపడతారు, కొత్త చీరలు అప్పుడే బయటకి వస్తాయి. తెల్లారగట్ట రెండు నుంచి నాలుగు దాకా వంతు ఎవరికీ వద్దు. ఆ వంతు ఎప్పుడూ మా నాన్నకి పడేది. పడేదని ఆయన అనేవారు గానీ, అడిగి పుచ్చుకునేవారని నా అనుమానం. ఆ వేళ వినేవాళ్ళు ఉండరు. శ్రుతి గురించి ఎవరూ మొహం చిట్లించరు. ఒక రాత్రి అమ్మ టీ ఫ్లాస్కు ఇచ్చి పంపితే వెళ్ళాను. నలుగురు ఉన్నారు. ఒకాయన కూర్చునే నిద్రపోతున్నాడు, చేతిలో తాళం మాత్రం పడుతూనే ఉంది. నాన్న ముందు పాట పాడుతున్నారు! ఆ రెండు గంటలూ ఆయనే ముందు పాట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదాయన.

ఏకాహంలో ఇంకో తమాషా ఉంది. మాటలు మారవు, వరసలు మారతాయి. అవే పదహారు నామాలు, ముప్ఫై రెండు అక్షరాలు. రోజంతా వాటినే ఒకే వరసలో పాడితే ఎవరికైనా విసుగే. అందుకని జట్టు మారినప్పుడల్లా వరస మారేది. పొద్దున భూపాలం, మధ్యాహ్నానికి పల్లె వరసలు, రాత్రికి సినిమా ట్యూన్లు. కుర్రాళ్ళు అప్పుడే వచ్చిన సినిమా పాటలో ఈ నామాలు ఇరికించి పాడుతుంటే పెద్దవాళ్ళు పక్కకి తిరిగి నవ్వుకునేవారు, ఆపేవారు కాదు. భక్తి సంగీతం పవిత్రంగా, ఏమీ మారకుండా ఉండిపోయిందని చెప్పేవాళ్ళు ఒక్క ఏకాహానికి కూర్చుంటే చాలు.

ఇక మా ఊళ్ళో జరిగిన పెద్ద తగువు. వానలు పడని ఓ ఏడాది రెండు వీధులూ కలిసి జగన్నాథుడి గుడి దగ్గర ఒకే పందిట్లో నామం చేద్దామనుకున్నాయి. చందాలు వేశారు, పందిరి వేశారు, ఖిచుడికి బియ్యం పప్పు తూచారు. అంతా అయ్యాక వచ్చింది పేచీ. మాది "హరే రామ హరే రామ" అని మొదలవుతుంది. కలిసంతరణోపనిషత్తులో అలాగే ఉందని మా పంతులు గారు పుస్తకం పట్టుకొచ్చారు. వాళ్ళది "హరే కృష్ణ హరే కృష్ణ" అని మొదలవుతుంది. చైతన్య మహాప్రభు పరంపర వాళ్ళు అలాగే పాడతారు, పూరీలో అలాగే విన్నామని వాళ్ళ పెద్దాయన. "పుస్తకం పెద్దదా, ప్రభు పెద్దా?" అన్నాడాయన ఒడియాలో. "ప్రభువే రాయించాడు కదండీ పుస్తకం" అన్నారు మా పంతులు గారు తెలుగులో. ఒకరి భాష ఒకరికి పూర్తిగా తెలుసు. అయినా తగువు మాత్రం ఎవరి భాషలో వాళ్ళే.

దీపం పెట్టే వేళయింది. మావుసి ఉండబట్టలేక హుళహుళి తీసింది. అదే సంకేతమనుకుని రెండు పక్షాలూ ఒకేసారి ఎత్తుకున్నాయి, ఎవరి మొదలు వాళ్ళది. కాసేపు మహా గందరగోళం. మృదంగ ఒక నడక, మా మద్దెల ఒక నడక. తరవాత ఎవరు తగ్గారో తెలియదు. మాది ఒక పాదం అయ్యేసరికి వాళ్ళు ఆగి, రెండో పాదం అందుకున్నారు. మేము "హరే రామ" అంటే వాళ్ళు "హరే కృష్ణ". ఒకళ్ళు ముందు పాట, ఒకళ్ళు వంత. గుండ్రంగా తిరిగే పాటకి మొదలేదో అయిదు నిమిషాలయ్యాక ఎవరూ చెప్పలేకపోయారు. మర్నాటి దాకా అలాగే నడిచింది. వాన పడిందా అని అందరూ అడుగుతారు. ఆ వారం పడలేదు.

పూరీ నుంచి వచ్చిన వరస అని ఆ పెద్దాయన అన్న మాట ఊరికే అన్నది కాదని నాకు తరవాత బాగా తెలిసింది. నేను టీచరయ్యాక పిల్లలకి చరిత్ర చెప్పాల్సి వచ్చి చదువుకున్నాను. చైతన్యుడు బెంగాల్లో 1486లో పుట్టి 1510లో పూరీ చేరాడు. ఆ వెంటనే దక్షిణానికి కాలినడకన బయల్దేరాడు. శ్రీకూర్మం, సింహాచలం మీదుగా గోదావరి ఒడ్డుకి వెళ్ళి, అక్కడ ప్రతాపరుద్ర గజపతి తరఫున పరిపాలన చేస్తున్న రామానంద రాయలతో రోజుల తరబడి మాట్లాడాడు. అంటే వీధుల్లో పడి దేవుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ పాడుకుంటూ పోయే ఆ మనిషి మా ప్రాంతం మీదుగానే నడిచి వెళ్ళాడు. పూరీకి తిరిగి వచ్చాక రథయాత్రలో ఏడు జట్లు చేసి, జట్టుకి రెండు మృదంగాలు పెట్టి రథం చుట్టూ పాడించేవాడని ఆయన చరిత్రలో ఉంది. జట్లు, వంతులు, ముందు పాట, వెనక పాట. మా పందిట్లో జరిగింది అదే ఏర్పాటు.

అంతకు ముందే పూరీలో జయదేవుడి పాట పాతుకుపోయింది. గుడిలో భోగం వేళ గీతగోవిందమే పాడాలని 1499లో ప్రతాపరుద్రుడు చెక్కించిన శాసనం జగన్నాథాలయంలో ఉంది. ఆ అష్టపదులే మా మావయ్య మన రాగాల్లో పాడేవాడు. వెనక వీధిలో వాళ్ళు ఒడిస్సీ అనే తమ శాస్త్రీయ సంగీత పద్ధతిలో పాడేవారు. ఒడిస్సీ గాయకులు తలమీద పెట్టుకునే గోపాలకృష్ణ పట్నాయక్ మా పర్లాకిమిడి కవేనని మా స్కూలు ఒడియా టీచరు ఛాతీ విరుచుకుని చెప్పేది. తెలుగువాళ్ళం మాకు ఆయన పాటలు నోటికి రావు. మావుసి వంటింట్లోంచి విన్న ఒకటి రెండు చరణాలు తప్ప.

శ్రీకూర్మం సంగతి అనుకుంటే అమ్మమ్మ గుర్తొస్తుంది. చైతన్యుడు వచ్చి వెళ్ళిన గుర్తుగా అక్కడ ఆయన పాదాలు ప్రతిష్ఠించారు. నేను కాలేజీలో ఉండగా అమ్మమ్మని దర్శనానికి తీసుకెళితే ఆ పాదాల దగ్గర తెల్లవాళ్ళ గుంపు. మగవాళ్ళు గుండు, పిలక, కాషాయం. ఆడవాళ్ళు చీరలు. ఒకాయన మెడలో మట్టి మృదంగం. పాడుతున్నారు, కృష్ణ మొదలుగా. జనం చుట్టూ చేరి వాళ్ళనే చూస్తున్నారు, దేవుణ్ణి కాదు. మా అమ్మమ్మ మెట్టు మీద కూర్చుని కాసేపు విని, చేతి సంచీ పక్కన పెట్టి, వంత అందుకుంది. నాకు సిగ్గేసింది. లాగబోయాను. "ఉండవే. ఆళ్ళకి మన మాట నేకపోతే ఏటి? మన పంతులు కంటే తాళం బాగేస్తన్నారు" అంది. మృదంగం ఆయన ఆవిడ వైపు తిరిగి, పాదం ఆఖర్లో ఆగి, ఆవిడ అందుకునేదాకా చూసి మళ్ళీ మొదలుపెట్టాడు. చాలాసేపు వాళ్ళిద్దరి మధ్యే నడిచింది పాట. ఒక్క మాట మాట్లాడుకోలేదు. బస్సు తప్పిపోయింది.

వాళ్ళెక్కడి నుంచి వచ్చారో, ఎలా వచ్చారో నాకు అప్పట్లో తెలియదు. మా స్కూల్లో పనిచేసే ఒడియా మాస్టారు దగ్గర పూరీలో కొన్న పుస్తకాలు, క్యాసెట్లు ఉండేవి. ఆయన చెబితే తెలిసింది. ఇస్కాన్ పెట్టిన, కలకత్తాకి చెందిన భక్తివేదాంత స్వామి తన 69వ ఏట, 1965 ఆగస్టు 13న, జలదూత అనే సరుకుల ఓడ ఎక్కి అమెరికా వెళ్ళాడు. దారిలో రెండుసార్లు గుండెనొప్పి. చేతిలో నలభై రూపాయలు. మరుసటి ఏడాది న్యూయార్క్ సెకండ్ ఎవెన్యూలో ఓ ఖాళీ దుకాణం అద్దెకి తీసుకున్నారు. పాత దుకాణం బోర్డు కూడా తీయలేదు. 1966 అక్టోబరులో ఆయన టాంప్‌కిన్స్ స్క్వేర్ పార్కులో చెట్టు కింద కూర్చుని పాడితే చుట్టూ జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళు చేరారు. కవి అలెన్ గిన్స్‌బర్గ్ వచ్చాడు. ఆ చెట్టుకి ఇప్పటికీ హరేకృష్ణ చెట్టనే పేరు. 1969లో లండన్‌లో బీటిల్స్ జార్జ్ హారిసన్ ఆ మంత్రాన్ని అక్కడి రాధాకృష్ణ మందిరం వాళ్ళ చేత పాడించి రికార్డు చేశాడు. ఆ రికార్డు బ్రిటన్ లెక్కల్లో పన్నెండో స్థానం దాకా వెళ్ళింది. మా ఏకాహం తెల్లారగట్ట వంతు మాటలు, ఇంగ్లండు టీవీలో పాప్ పాటల మధ్య!

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1967 జూలైలో మొదటి రథయాత్ర చేశారని కూడా మాస్టారే చెప్పారు. రథం లేదు, బల్లపరుపు లారీ మీద జగన్నాథుణ్ణి పెట్టి ఊరేగించారు. ఆ మాట విని మావుసి చాలాసేపు నోరు మూయలేదు. "లారీ మీదా? తాడు ఎవరు లాగారు?" ఆవిడ బాధ అంతా తాడు గురించే. ఇప్పుడైతే ఇంకో గొడవ నడుస్తోంది. విదేశాల్లో వీలున్న సెలవు రోజు చూసి తిథి తప్పి రథయాత్ర చేస్తున్నారని పూరీ గజపతి మహారాజు, గుడివాళ్ళు అభ్యంతరం చెబుతున్నారు. ఇందులో నేను పూరీ పక్షం. పాట ఏ రోజైనా పాడొచ్చు. రథానికి ఒక తిథి ఉంది.

భజన సముద్రం దాటడానికి స్వాములు, బీటిల్స్ అక్కర్లేకుండానే దాటిన కథ ఒకటి మా ఇళ్ళల్లో ఉంది. దాన్ని ఎవరూ గొప్పగా చెప్పుకోరు. గోపాల్‌పూర్ రేవు నుంచి ఓడెక్కి గంజాం, శ్రీకాకుళం జనం రంగూన్ వెళ్ళేవారు, రేవుల్లో మూటలు మోయడానికి, మిల్లుల్లో పనికి. మా తాతగారి అన్న అలా వెళ్ళాడు. డబ్బు పంపిన గుర్తులు లేవు. ఒక చిడతల జత మాత్రం తిరిగి వచ్చింది, 1942లో బాంబులకి భయపడి జనం వెనక్కి వచ్చేసినప్పుడు ఎవరో తెచ్చి ఇచ్చారు. అక్కడ కూలి లైన్లలో రాత్రిళ్ళు భజన చేసేవాడట. మారిషస్ సంగతి ఇంకా పాతది. పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళ పిల్లల పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడలేరు. కానీ రామభజనం చేస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ. సింహాద్రి అప్పన్నని కొలుస్తారు. ఆ వీడియో మా అబ్బాయి చూపించినప్పుడు తల తిప్పకుండా చూశాను. మాట పోయినా వంత పోలేదు. ముందు ఒకరు అంటే వెనక అనడానికి భాష అంతగా అక్కర్లేదు మరి.

సూరత్ మిల్లులకి వెళ్ళిన మావుసి మనవడిదీ అదే సంగతి. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకి పోయినవాడు లేని ఊరు ఉండదు. ఒక గదిలో పగటి షిఫ్టు వాళ్ళు కొందరు, రాత్రి షిఫ్టు వాళ్ళు కొందరు వంతులవారీగా పడుకుంటారు. మగ్గాల మోతలో చెవులు దిబ్బడ పడతాయి. సెలవు రోజున కీర్తనకి కూర్చుంటే పక్కవాడి గొంతు వినపడదు గానీ, ఎప్పుడు అందుకోవాలో మాత్రం తెలిసిపోతుంది అంటాడు వాడు.

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఉద్యోగం. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక సాయంత్రం కీర్తనకి తీసుకెళ్ళాడు. "అమ్మా, నీకు నచ్చుతుందో లేదో" అని ముందే టెన్షన్ పడ్డాడు. యోగా నేర్పే హాలు. చెప్పులకి అరలు, నేల మీద దిండ్లు, టికెట్టు. మనవాళ్ళు తక్కువ. హార్మోనీ ముందు ఒక అమ్మాయి కూర్చుంది, రాగి రంగు జుట్టు. దాన్ని చూడగానే నాకు అన్నిటికంటే ముందు అనిపించింది ఇది: మా వీధిలో ఆడపిల్ల ఆ పెట్టె ముట్టుకుంటే ఊరుకునేవారా? మా మావయ్య కూతురికి ఆయన విద్య అంతా వచ్చు, తలుపు వేసుకుని వాయించేది. మందిరంలో ఒక్కసారి కూడా వాయించలేదు.

ఉచ్చారణ సరిగా లేదు. "గోవింద"కి ఎక్కడెక్కడో ఒత్తులు పెట్టారు. నిదానంగా మొదలుపెట్టి, ఒక్కో పాట అరగంట సాగదీశారు. మధ్యలో ఆగి కళ్ళు మూసుకుని కూర్చునే భాగం నాకు బొత్తిగా నచ్చలేదు. మా భజనలో ఆగితే పిల్లలు ప్రసాదం అనుకుని లేచిపోతారు. కానీ వేగం పెరిగే చోటు మాత్రం మా చోటే. నా పక్కన ఒక ముసలాయన, ఎర్రటి మొహం, నిక్కరు. గట్టిగా, శ్రుతి బయట నిలబడి, సిగ్గులేకుండా వంత పాడుతున్నాడు. అచ్చం మా నాన్న. ఆయనకి ఆ మాటల అర్థం తెలుసా అంటే తెలియకపోవచ్చు. మా నాన్నకి అష్టపదుల సంస్కృతం తెలుసా ఏంటి?

ప్రపంచమంతా ఈ పాటల వెంట ఎందుకు పడిందంటే శాంతి, ధ్యానం, వైబ్రేషన్లు అని చాలామంది చాలా చెబుతారు. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. పాడడం రానివాడిని కూడా పాటలోకి రానిచ్చే సంగీతాలు తక్కువ. కచేరీకి వెళితే విని తల ఊపాలి. ఇక్కడ తల ఊపితే చాలదు, నోరు తెరవాలి. ఒకసారి నోరు తెరిచినవాడు మళ్ళీ వస్తాడు.

కారులో వస్తుంటే అబ్బాయి ఆలిస్ కోల్ట్రేన్ అనే ఆవిడ పాటలు పెట్టాడు. డెట్రాయిట్‌లో పుట్టిన నల్లజాతి ఆవిడ, జాజ్ విద్వాంసురాలు. చిన్నప్పుడు చర్చిలో వాయించేది. భర్త జాన్ కోల్ట్రేన్ 1967లో పోయాక స్వామి సచ్చిదానంద దగ్గరికి వెళ్ళింది, మన దేశం వచ్చింది. 1983లో కాలిఫోర్నియాలోనే అగోరా కొండల్లో ఆశ్రమం పెట్టింది. అక్కడ భజనలకి ఆర్గన్, సింథసైజరు తనే వాయించేది. ఆ క్యాసెట్లు చాలాకాలం ఆశ్రమం వాళ్ళ మధ్యే తిరిగాయి. అవి మన భజనలా ఉండవు. చప్పట్లు చర్చిలో కొట్టినట్టు కొడతారు, నామం మధ్యలో ఎవరో ఒకరు ఒక్కసారిగా పైకి లేచిపోతారు గొంతుతో. కానీ ఆవిడ అంటే వెనక వాళ్ళు అంటారు. ఆ నల్లవాళ్ళ చర్చిల్లో కూడా పాట అలాగే నడుస్తుందని అబ్బాయి చెప్పాడు. అయితే ఆవిడకి మన దగ్గర కొత్తగా నేర్చుకోవాల్సింది దేవుడి పేర్లేనన్నమాట. ఆ ఆశ్రమం 2018 నవంబరు కార్చిచ్చులో కాలిపోయిందని వాడే చెప్పాడు. ఆ రాత్రంతా ఆ పాటలే పెట్టమన్నాను. కోడలు "అత్తయ్యా, పడుకోరా?" అని రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది.

కృష్ణదాస్ అనే ఆయన గురించి కూడా విన్నాను. న్యూయార్క్ పక్క లాంగ్ ఐలండ్ కుర్రాడు, అసలు పేరు జెఫ్రీ కాగెల్. నీమ్ కరోలీ బాబా శిష్యుడు. 2013లో గ్రామీ అవార్డులకి ఆయన ఆల్బం నామినేషన్‌కి వచ్చింది. లావుపాటి గొంతు. హనుమాన్ చాలీసా ఎన్ని వరసల్లో పాడాడో లెక్క లేదు. మా ఏకాహం కుర్రాళ్ళు ఆయన్ని ఒప్పుకుంటారు.

హార్మోనీ గురించి చెప్పకపోతే మావయ్య ఊరుకోడు. అది మనది కాదు. 1840లలో పారిస్‌లో కాళ్ళతో తొక్కి వాయించే పెట్టెగా పుట్టింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని చేత్తో గాలి కొట్టుకునేలా మార్చాడు. మన గమకాలు పలకవని 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో దాన్ని దగ్గరికి రానివ్వలేదు. రేడియో రానివ్వకపోయినా భజన మందిరాల్లో మాత్రం ఎవరూ బయటికి పంపలేదు. ఇప్పుడు ఆ పెట్టె, బెర్లిన్‌లోనూ పారిస్‌లోనూ కీర్తన చేసేవాళ్ళ ఒళ్ళోకి, మన వాద్యంగా తిరిగి వెళ్ళింది. "పుట్టింటికి వెళ్ళిందిలే, చీర మార్చుకుని" అన్నాడు మావయ్య ఈ సంగతి చెబితే. అప్పటికి ఆయనకి వేళ్ళు వంగడం మానేశాయి.

ఇప్పటి మా ఊరు చెబితే కొంచెం చిరాకు. మందిరానికి రంగులు వేశారు, టైల్స్ వేశారు, పైన నాలుగు మైకులు పెట్టారు. తెల్లారి అయిదుకి ఎవరో పెన్‌డ్రైవ్ పెట్టి వెళ్ళిపోతారు. లోపల మనిషి ఉండడు. పెద్ద పెద్ద గాయకులు పాడిన నామాలే, తప్పేం లేదు. రికార్డులో ముందు పాట, వంత రెండూ ముందే ఉంటాయి. వినేవాడికి పని ఉండదు. పరీక్షల రోజుల్లో పిల్లలు చదువుకోవాలి, కాస్త తగ్గించండి అని మా బడి తరఫున ఎన్నిసార్లు అడిగామో. "భక్తి లేదా టీచరు గారూ?" అనేవారు. భక్తి సంగతి తరవాత, గొంతు ఏదీ?

శనివారం భజన మాత్రం ఆగలేదు. జనం పలచబడ్డారు. ముందు పాట మావయ్య కూతురిది. అవును, హార్మోనీతోనే, తలుపులు తీసే. వద్దన్నవాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఉన్నవాళ్ళకి వాయించడం రాదు. అంతే జరిగింది, పోరాటమేం లేదు. వంతకే కరువు. ఓ పదిమంది ఆడవాళ్ళం, ఇద్దరు రిటైరైనవాళ్ళు.

పోయిన కార్తీకంలో వెనక వీధి ఒడియా కుర్రాళ్ళు వచ్చారు. వాళ్ళ అష్టప్రహరికి హార్మోనీ గాలితిత్తి చినిగిపోయిందట, మాది ఒక రోజు ఇవ్వమని. మావయ్య కూతురు పెట్టె మీద చెయ్యి తీయకుండా కాసేపు ఆలోచించి, ఇస్తాను గానీ, ప్రతి శనివారం మీ జట్టు నుంచి నలుగురు వంతకి రావాలంది. వాళ్ళు మొహమొహాలు చూసుకుని "హౌ, ఆజ్ఞా" అన్నారు. వస్తున్నారు. ముగ్గురు బాగా పాడతారు. నాలుగోవాడు సూరత్ నుంచి తిరిగి వచ్చిన మావుసి మనవడు. వాణ్ణి కుడివైపు కూర్చోబెట్టాం.